దాతల రాయి

చింతగుంటపాలెం,
20-6-1999.

ఒరేయ్ మాబూ,

రాళ్లు చెక్కీ చెక్కీ నువ్వు కూడా రాయివైపోయావా ఏంటి? ఉగాదికి రాసిన కార్డుకు ఇంతవరకు జవాబు లేదు. నిన్ను తిట్టడానికి వేరే ఉత్తరం రాస్తాను గానీ, దీన్ని మాత్రం నిదానంగా కూర్చుని చదువు.

జ్యోతిర్మయి పదో తరగతి తప్పింది. నీ మేనకోడలు తప్పిందంటే నువ్వు నమ్మవు, నాకు తెలుసు. ఎందుకు తప్పిందో ఊళ్లో ఎవడికీ చెప్పలేదు, సిగ్గేసి. నీకు చెబుతున్నాను.

మార్చిలో పరీక్షలకు ముందు మన బడి హెడ్మాస్టరు హాల్ టిక్కెట్లన్నీ సొరుగులో పెట్టి తాళం వేశాడు. పిల్లకు ఆరువందల యాభై కడితేనే టిక్కెట్టు చేతికిస్తానన్నాడు. సర్కారు బడికి ఫీజేంటి సార్ అని అడిగితే, "బిల్డింగు ఫీజు. కట్టలేకపోతే పిల్లను మిరపకాయల కోతకు పంపించుకో" అన్నాడు నలుగురిలో. ఆ వారం నా దగ్గర ఆరు రూపాయలు కూడా లేవురా. పత్తి మొత్తం పురుగు తినేసింది కదా. పురుగుమందుల కొట్టువాణ్ణి అడిగితే పాత బాకీ చదివి వినిపించాడు. ఆఖరికి నీ చెల్లెలు సుబ్బరావమ్మ చీటీ పాడుకుని తెచ్చింది. తెచ్చేసరికి మొదటి రోజు పరీక్ష అయిపోయింది. అది తెలుగు పరీక్ష. క్లాసులో తెలుగులో మొదటి మార్కు మన పిల్లదే. ఆ రోజు అది గేటు బయట నిలబడి, లోపల ఆఖరి గంట కొట్టేదాకా చూసి ఇంటికొచ్చింది.  నన్ను తిట్టినా బాగుండేది.

నరసరావుపేటలో త్రినాథ్ గారని ఒక కుర్ర ప్లీడరు ఉన్నారు. జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇట్లా వసూలు చేసే హక్కే లేదు, దావా వేస్తే కట్టిందంతా వెనక్కి రాబట్టొచ్చు అన్నారు. నలభై రెండు ఇళ్లవాళ్లం సంతకాలు పెట్టాం. పెట్టలేనివాళ్లు వేలిముద్రలు వేశారు. అందరికన్నా ముందు పేరు నాది. నోటీసు కూడా వెళ్లింది. చిక్కల్లా ఒక్కటే, రసీదు ఒక్కడి దగ్గరా లేదు. పైసా తీసుకోలేదని హెడ్మాస్టరు అంటే చూపించడానికి మా చేతుల్లో ఏమీ లేదు.

హైస్కూలు కాకముందు నువ్వూ నేనూ ఏడో తరగతి దాకా ఒకే బల్ల మీద కూర్చున్న బడిరా అది. నీ అక్షరం బాగుంటుందని నల్లబల్ల మీద రోజూ తేదీ నీచేతే రాయించేవాళ్లు. ఆ బడి మీద కోర్టుకు పోతానని కలలో కూడా అనుకోలేదు. షాజాదీ చెల్లెమ్మను అడిగానని చెప్పు.

నీ
బాపయ్య


మార్టూరు,
24-7-1999.

బావా,

నీ ఉత్తరం అందింది. కోడలి సంగతి చదివి వినిపిస్తే షాజాదీ కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆలస్యానికి ఏమీ అనుకోకు. దుమ్ముకు దగ్గు పట్టుకుని వారం రోజులు పనికి పోలేదు.

పని ఉంది గానీ ఎన్నాళ్లుంటుందో తెలియదు. మా యజమాని అక్షరాలు చెక్కే మిషను తెస్తానంటున్నాడు. రాతి మీద రబ్బరు కాగితం అంటించి గాలితో ఇసుక కొడితే గంటలో పలక అయిపోతుందంట. ఉలి పట్టేవాడితో ఆయనకు ఇంకేం పని? ఆయన బామ్మర్దే మీ బడి కమిటీ ప్రెసిడెంటు. ఆ సంగతి నీకు తెలిసే ఉంటుంది.

బావా, ఒక మాటంటే కోప్పడవు కదా. కోర్టులు మనబోటివాళ్లకు అచ్చిరావు. పెద్దమనుషుల్లో పెట్టి ఎంతో కొంత వెనక్కి ఇప్పించుకుని రాజీ పడరాదూ? కోడలు మళ్లీ పరీక్ష రాస్తే పాసవుతుంది. అది ముఖ్యం కదా.

ఇంకో మాట రాద్దామనుకున్నాను. ఇన్లాండు కాగితంలో చోటు అయిపోయింది.

మాబు


చింతగుంటపాలెం,
17-8-1999.

ఒరేయ్ మాబూ,

నీ దగ్గు తగ్గిందా ముందు చెప్పు. తగ్గాక నీ రాజీ సలహాకు తిడతాను.

మొన్న ఆగస్టు పదిహేనుకు ఏం జరిగిందో విను. దావా వేసిన నలభై రెండు ఇళ్లవాళ్లనూ హెడ్మాస్టరే కబురు పెట్టి జెండా వందనానికి పిలిపించాడు. వెళ్లేసరికి గేటు పక్క గోడకు ఒక పలక, దాని మీద గుడ్డ. గుడ్డ తీస్తే నల్ల గ్రానైటు, దాని నిండా మా అందరి పేర్లు! పైన బంగారు రంగులో "పాఠశాల భవనమునకు 15-8-1998న స్వచ్ఛందముగా విరాళమిచ్చిన దాతలు" అని. దాతలమంట! పోయిన ఏడు ఆగస్టులోనే ఇచ్చామంట. అదీ ఇష్టపడి ఇచ్చామంట. హాల్ టిక్కెట్ల ఊసే లేదు. తీసుకోలేదనడానికి వీల్లేదని ఎవరో చెప్పినట్టున్నారు, అందుకని ఇట్లా తిప్పాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. అంతలో మనవాళ్లను చూశాను. జహీరున్నీసా అక్క తెలుసుగా, కోల్డ్ స్టోరేజీలో మిరపకాయల తొడిమలు తీసి కొడుకును చదివిస్తున్న మనిషి. "నా పేరు ఏదిరా బాపయ్యా?" అని అడిగింది. చూపిస్తే దాని మీద వేలు పెట్టి అట్టే నిలబడిపోయింది. "మా ఆయన సమాధికే రాయి పెట్టించలేకపోయాను. నా పేరు రాయెక్కింది చూడు" అని కళ్లు తుడుచుకుంది. కొందరు ఆడవాళ్లు రాయికి పసుపూ కుంకుమా పెట్టారు. మా ఇళ్లల్లో ఎవడి పేరన్నా ఇంతకుముందు రాతి మీద పడిందా చెప్పు? లడ్డూలు తిని, మురిసిపోతూ ఇళ్లకు పోయారు. నేనేం చేశానని మాత్రం అడగొద్దు.

ఆ రాయి మీ మార్టూరులో చెక్కిందేనంట. చెక్కినవాడెవడో కనుక్కో. పోయిన ఏడాది లేని రాయి మేం నోటీసు ఇచ్చాక పుట్టిందనీ, ఎవరు చెక్కించారనీ వాడు ఒక్కసారి కోర్టుకొచ్చి చెబితే చాలు. దారి ఖర్చులు మేం పెట్టుకుంటాం. నువ్వు అక్కడే ఉన్నావు కాబట్టి నాకు ధైర్యంగా ఉంది.

నీ
బాపయ్య


మార్టూరు,
9-9-1999.

బావా,

ఇక్కడ చిన్నా పెద్దా చాలా గ్రానైటు యూనిట్లు ఉన్నాయి. రోజూ ఎన్నో పలకలు లారీలెక్కుతాయి. ఎవరు చెక్కారో కనుక్కోవడం కష్టం. అడిగినా చెప్పరు. నేను కనుక్కుంటూనే ఉంటాను.

షాజాదీకి ఒంట్లో బాగుండటం లేదు. ఇప్పటికి ఇంతే.

మాబు


చింతగుంటపాలెం,
5-12-1999.

మాబు సాహెబ్ గారికి,

బాపయ్య నమస్కరించి రాసేదేమంటే, ఇక్కడ మేము బాగానే ఉన్నాము. మీరు బాగున్నారని తలుస్తాను.

పోయిన వాయిదాకు అవతలి ప్లీడరు కోర్టులో ఒక ఫోటో పెట్టాడు. అందులో ఆ రాయి పక్కన నేను ఉన్నాను. భుజాన తువ్వాలు సర్దుకుని, పళ్లన్నీ కనబడేట్టు నవ్వుతూ ఉన్నాను. ఆ రోజు హెడ్మాస్టరు "బాపయ్యా, వీళ్లందరికీ నువ్వే పెద్దమనిషివి, ఆ గుడ్డ నువ్వే తియ్యి" అంటే నేనే తీశాను. ఒళ్లు మండిపోయిందని మీకు రాశాను. అది అబద్ధం. మంట ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నాక పుట్టింది. అక్కడ మాత్రం నా పేరు చూసుకుని మురిసిపోయాను. ఫోటో తీస్తానంటే తువ్వాలు దులిపి వేసుకున్నాను. ఇష్టం లేకుండా ఇచ్చినవాడు ఇట్లా నవ్వుతాడా అని వాళ్ల ప్లీడరు అడిగాడు. త్రినాథ్ గారు తల పట్టుకున్నారు. మిగతా ఇళ్లవాళ్లు నేను హెడ్మాస్టరుకు అమ్ముడుపోయానని అనుకుంటున్నారు. నేను ఎదురుపడితే మాట ఆపేస్తున్నారు.

వాళ్లననుకోనివ్వండి. మా అమ్మాయి ఈ మార్చికి పరీక్ష కట్టనంది. "ఆ గేట్లోంచి పోవాలంటే ఆ రాయి పక్కనుంచే పోవాలి నాన్నా. నేను ఏడ్చుకుంటూ నిలబడ్డ చోటే నువ్వు నవ్వుతూ నిలబడ్డావు" అంది. తర్వాత పత్తి తీతకు పోయింది.

అది అట్లా అన్నాక నేను మళ్లీ వెళ్లి ఆ రాయిని మొదటి నుంచి చివరిదాకా చదివాను. నలభై రెండు పేర్లు ఉన్నాయి. నలభై ఒక్కటీ వట్టి పేర్లు. నా ఒక్కడి పేరు పక్కనే "గారు" ఉంది. ఆ హెడ్మాస్టరు నన్ను గారు అనేవాడు కాదు, ఊళ్లో ఎవడూ అనడు. తర్వాత తేదీలోని ఎనిమిది అంకెను చూశాను. ఏడేళ్లు నీ పక్కన కూర్చుని నల్లబల్ల మీద రోజూ చూసిన ఎనిమిదిరా అది.

చెక్కినవాణ్ణి కనుక్కుంటూనే ఉంటానని రాశారు. ఇక శ్రమ పడవద్దు.

ఇట్లు,
బాపయ్య


మార్టూరు,
20-12-1999.

బాపయ్యా,

అవును. నేనే.

నువ్వు తిట్టి ఉంటే తట్టుకునేవాణ్ణి. నీ ఉత్తరం షాజాదీకి చదివి వినిపిస్తుంటే మొదటి మాటకే ఆపమంది. "బాపయ్యన్న మిమ్మల్ని గారు అన్నాడా? అయితే మనకు ఆ ఊళ్లో ఇంకెవరూ లేనట్టే" అంది. ఒంట్లో బాగాలేదని రాసినదీ అబద్ధమే, ఆమె బాగానే ఉంది. ఇప్పుడు మాత్రం నాతో మాట్లాడటం లేదు.

జరిగింది చెబుతాను. జులై పన్నెండున హెడ్మాస్టరూ, మా యజమాని బామ్మర్దీ కారులో వచ్చారు. అప్పటికి నీ మొదటి ఉత్తరం నా జేబులో ఉంది. పేర్ల కాగితం చేతికిచ్చారు. అది కొత్తగా రాసింది కూడా కాదు, వసూలు చేసినప్పుడు గుమాస్తా రాసుకున్న జాబితా. పైన "మార్చి 99 హాల్ టిక్కెట్ల బాపతు వసూలు" అని ఉంటే, దాని మీద ఒక గీత గీసి, పక్కన "దాతలు" అని రాశారు. మొదటి పేరు నీది. నాకు అంతా అర్థమైంది. అర్థం కాలేదని నీకు చెప్పుకునే వీలు కూడా లేదు.

మా యజమాని నా భుజం మీద చెయ్యి వేసి, "ఇది నీట్‌గా చేసిపెట్టు, మిషను వచ్చినా నిన్ను ఉంచుకుంటాను" అన్నాడు. నాకు ఉలి తప్ప ఇంకో పని రాదు. భయపడ్డాను. మూడు రోజులు చెక్కాను. నీ పేరు ఆఖరున చెక్కాను. వట్టిగా చెక్కడానికి చెయ్యి రాలేదు, గారు కలిపాను. యజమాని చూడలేదు. నీకు అన్యాయం చేస్తూ మర్యాద చేశానని అప్పుడు నాకు నేను చెప్పుకున్నాను. ఇప్పుడది తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోవాలనిపిస్తుంది.

ఇంకొకటి ఉంది. రాతిలో తప్పు పడితే దిద్దుకోలేం. పేరు తప్పయిందని పార్టీలు తర్వాత గొడవకొస్తారు. అందుకని వాళ్లు తెచ్చిన కాగితం మీదే సంతకమూ తేదీ పెట్టించుకోనిదే నేను ఉలి పట్టను. ఇరవై ఏళ్ల అలవాటు. ఆ రోజు కూడా కాగితం ముందు పెడితే హెడ్మాస్టరు ఏమీ ఆలోచించకుండా సంతకం పెట్టాడు. ఆ కాగితం నా పెట్టెలో ఉంది.

దాన్ని కోర్టుకు తెస్తే ఆ రోజుతో నా పని పోతుంది. వస్తానని రాయడానికి ధైర్యం చాలడం లేదు. రానని రాయడానికి చెయ్యి రావడం లేదు.

మాబు


చింతగుంటపాలెం,
30-12-1999.

మాబూ,

వాయిదా ఫిబ్రవరి 14. పొద్దున పదిన్నరకు, నరసరావుపేట కోర్టు.

నువ్వు రాకపోతే నలభై రెండు ఇళ్లవాళ్లం ఇష్టపడి ఇచ్చినట్టే. నా పిల్ల ఇష్టపడి తప్పినట్టే. రానివాడివైతే ఉత్తరం కూడా రాయకు.

బాపయ్య


చీరాల రోడ్డు, మార్టూరు,
10-3-2000.

బాపయ్యా,

కోర్టు నుంచి నీతో మాట్లాడకుండా వచ్చేశానని అనుకుంటూ ఉంటావు. వెనక మెట్ల మీదుగా దిగి బస్సెక్కాను. నీ ఎదురుగా నిలబడే ముఖం లేదు నాకు.

వాళ్ల ప్లీడరు నన్ను అడిగినవన్నీ నువ్వు విన్నావు. "స్నేహితుడికి వ్యతిరేకంగా అబద్ధపు రాయి చెక్కావు, కూలి తీసుకున్నావు. ఇవాళ నిజం చెబుతున్నావంటే ఎట్లా నమ్మాలి?" అన్నాడు. "నన్ను నమ్మకండి సార్, కాగితాన్ని నమ్మండి" అన్నాను. కోర్టులో నలుగురూ నవ్వారు. నువ్వు నవ్వలేదు. తల వంచుకుని నీ చెప్పులు చూసుకుంటున్నావు. నాకోసం సిగ్గుపడుతున్నావో, నీకోసమో తెలియలేదు.

పని పోయింది. రోడ్డు పక్కన పాక వేసుకుని గుమ్మాల మీద ఇంటిపేర్లూ, సమాధి రాళ్లూ చెక్కుతున్నాను. తిండికి లోటు లేదు. షాజాదీ మాట్లాడుతోంది.

కోడలు ఈసారి పరీక్ష కట్టిందా? ఆ ఒక్క సంగతి రెండు ముక్కల్లో రాయి చాలు.

మాబు


చింతగుంటపాలెం,
12-12-2000.

ఒరేయ్,

తొమ్మిది నెలలు జవాబు రాయలేదు. కోపంతో కాదు. కూర్చున్నప్పుడల్లా నిన్ను తిట్టే మాట ఒకటి రాసేవాణ్ణి, అంతలోకే ఆ ఫోటో గుర్తొచ్చేది. నువ్వు భయపడి చెక్కావు. నన్ను ఎవడూ భయపెట్టలేదు, అయినా నవ్వాను. ఎవర్ని ఎవరు తిట్టాలి?

నీ కోడలు పోయిన మార్చికి పరీక్ష కట్టలేదు. ఏడాది పోయింది దానికి.

దావా గెలిచాం. నీ కాగితం లేకపోతే గెలిచేవాళ్లం కాదని జడ్జి గారు తీర్పులోనే రాశారంట. పోయిన వారం అందరికీ డబ్బులిచ్చారు. హెడ్మాస్టరును ఎక్కడికో మార్చారు. నేను అమ్ముడుపోలేదని ఊరు ఒప్పుకుంది గానీ, ఎవరైనా ఫోటో తీస్తామంటే ఇప్పటికీ నా వైపు చూసి నవ్వుకుంటారు.

ఇక రాయి సంగతి. బద్దలు కొట్టేద్దామన్నాను. కొత్త హెడ్మిస్ట్రెస్ గారు మీ ఇష్టమన్నారు. నలభై రెండు ఇళ్లవాళ్లం కూర్చున్నాం. అప్పుడు జహీరున్నీసా అక్క లేచి, "నా పేరు జోలికొస్తే ఊరుకోను. ఆ డబ్బు నేను కట్టింది నిజం, మీరంతా వెనకాడితే వేలిముద్ర వేసింది నిజం. పేరేం పాపం చేసింది? పైన ఉన్న అబద్ధం తీసెయ్యండి" అంది. మగవాళ్లం సరేనన్నాం.

కాబట్టి నువ్వు వచ్చి పైవరసలు అరగదీసి, ఇట్లా చెక్కాలి: "1999 మార్చిలో హాల్ టిక్కెట్ల కోసం అక్రమ ఫీజు కట్టి, దావా వేసి తిరిగి పొందినవారు." ఈసారి సంతకం నేను పెడుతున్నాను, కాగితం ఇందులో ఉంది.

ఇంకో పని. నా పేరు పక్కన గారు తీసెయ్. నాకది చూడబుద్ధి కావడం లేదు.

బాపయ్య


మార్టూరు,
28-1-2001.

బావా,

మొన్న శనివారం వచ్చి పని ముగించాను. నువ్వు మిరపకాయలతో గుంటూరు యార్డుకు పోయావని సుబ్బరావమ్మ చెల్లెమ్మ చెప్పింది. ఆ సంగతి ముందే కనుక్కుని వచ్చానని నీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. ఎదురుపడటానికి ఇంకా కొన్నాళ్లు పట్టేట్టుంది నాకు.

పైవరసలు తీసిన చోట రాయి కాస్త లోపలికి పోయింది. చెయ్యి పెడితే తెలుస్తుంది. కొత్త అక్షరాలు బాగానే వచ్చాయి. జహీరున్నీసా అక్క భర్త పేరుతో చిన్న రాయి ఒకటి చెక్కి తెచ్చి ఇచ్చాను. డబ్బులివ్వబోతే తీసుకోలేదు. ఆమె నన్ను తిట్టింది, తర్వాత టీ ఇచ్చింది.

గారు మాత్రం తీయలేదు. ఉలి పెట్టి, మళ్లీ తీసేశాను. ఆ రాతి మీద నలభై రెండు పేర్లు వాళ్లు చెప్పినట్టు చెక్కాను. పై మాట వాళ్లు చెప్పినట్టే చెక్కాను. ఆ రెండక్షరాలే నా అంతట నేను చెక్కినవి. నీకు సిగ్గుగా ఉంటే ఉండనీ. నాకూ అట్లాగే ఉంది.

కోడలు పని అయ్యేదాకా నా పక్కనే నిలబడి చూసింది.  పోయేటప్పుడు, "మావయ్యా, కాసిని మంచినీళ్లు తాగి పోండి" అంది.

మాబు


చింతగుంటపాలెం,
21-3-2001.

ఒరేయ్ మాబూ,

నా మాట వినకుండా గారు ఉంచావు. సరే, నీతో గొడవ పడే ఓపిక లేదు నాకు.

ఇవాళ నీ కోడలికి మొదటి పరీక్ష. తెలుగు. హాల్ టిక్కెట్టు మొన్ననే ఇచ్చారు, ఎవరూ పైసా అడగలేదు. పొద్దున్నే తలంటుకుని, తనకన్నా రెండేళ్లు చిన్న పిల్లలతో కలిసి నడిచింది. నేను సైకిలు తోసుకుంటూ వెనక పోయాను. గేటు దగ్గర ఆగింది. ఇంక వెనక్కి తిరుగుతుందేమోనని నేనూ సైకిలు ఆపాను. రాయి మీద కొత్త వరస చదివింది. తర్వాత కిందికి చూసి నా పేరు చదివింది. నన్నేమన్నా అంటుందని చూశాను. "నాన్నా, నువ్వింటికి పో, ఎండెక్కుతుంది" అని లోపలికి పోయింది.

నేను పోలేదు. అది ఆ రోజు నిలబడ్డ చోటే, గేటు బయట నిలబడ్డాను. తెలిసినవాళ్లు పలకరిస్తుంటే తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాను. మూడు గంటలూ రాయి వైపు చూడలేదు. ఆఖరి గంట కొట్టేదాకా అక్కడే ఉన్నాను.

నీ
బాపయ్య